వెర్నా టర్బో, వర్టస్ జీటీ: పికప్‌లో ఏది ముందు?

నిలబడ్డ చోటు నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం దాకా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ మీద హ్యుందాయ్ వెర్నా టర్బోదే పైచేయి. ఆ పైచేయి ఎంత, వరంగల్ రోడ్ల మీద దాంతో పనెంత అన్నది మాత్రం వేరే లెక్క.

వెర్నాది 1482 సీసీ ఇంజిన్, 160 పీఎస్ (పవర్), 253 ఎన్ఎం (టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం). వర్టస్ జీటీలోని 1.5 టీఎస్ఐది 1498 సీసీ, 150 పీఎస్, 250 ఎన్ఎం. రెండూ డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలే, అంటే పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మి, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టేవి. రెండూ ముందు చక్రాలతో గుంజేవే. రెంటికీ 6 గేర్ల మాన్యువల్ గానీ, 7 గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ (నూనెలో మునగని రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్ గానీ వస్తుంది. టైర్ల సైజూ ఒకటే: 205/55 ఆర్16. వెర్నా వందకు 8.1 సెకన్లలో చేరుతుందని కంపెనీ మాట. వర్టస్ కాస్త వెనకే, కానీ ఆ తేడా సెకను లోపే.

సెకను తేడా అంటే చాలా అనిపిస్తుంది గానీ, లెక్క కట్టి చూడండి. ఒక బండి 8 సెకన్లలో, ఇంకోటి 9 సెకన్లలో వంద అందుకుంటే, మొదటిది వంద తాకే క్షణానికి రెండోది దాదాపు 12 మీటర్లు వెనక ఉంటుంది. ఈ రెండూ నాలుగున్నర మీటర్ల బండ్లు, అంటే మూడు కార్ల పొడవు కూడా లేదు. అసలు తేడా సెకను కంటే తక్కువ కాబట్టి ఆ దూరం ఇంకా తగ్గుతుంది.

దాన్ని తేల్చేది కూడా ఇంజిన్ కాదు, మొదటి ఇరవై మీటర్లు. రేస్ ఇవ్వగానే బరువు వెనక్కి ఒరుగుతుంది, ముందు టైర్లకు పట్టు తగ్గుతుంది. అదే సమయంలో 1500 ఆర్‌పీఎం నుంచే 253 ఎన్ఎం వచ్చి వాటి మీద పడుతుంది. అందుకే వెర్నా టర్బోను ఒక్కసారిగా తొక్కితే టైర్లు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, స్టీరింగ్ చేతిలో అటూ ఇటూ గుంజుతుంది. వర్టస్ టైర్లూ జారతాయి గానీ కొంచెం తక్కువ. టైర్లు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేస్తే ఇంకా తొందరగా పోతుందనుకోవడం పొరపాటు. జారే టైరు పొగ వదులుతుంది గానీ బండిని అంతగా ముందుకు నెట్టదు.

మాన్యువల్ అయితే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య పట్టుకొని క్లచ్ మెల్లగా వదలాలి, వేగం 30 దాటాకే పూర్తిగా తొక్కాలి. గేరు మార్చిన ప్రతిసారీ చేతి అలవాటును బట్టి పావు నుంచి అర సెకను పోతుంది. మాన్యువల్ వర్టస్‌ను ఆటోమేటిక్ వెర్నా పక్కన నిలబెట్టి పోల్చితే బండ్లను కాదు, గేర్‌బాక్సులను పోల్చినట్టే. ఆటోమేటిక్‌లో వెర్నాకు స్పోర్ట్ మోడ్, వర్టస్‌కు లివర్ ‘ఎస్’లో. బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ తొక్కే పని రెంట్లోనూ వద్దు. కంప్యూటర్ పవర్ కోసేస్తుంది, డ్రై క్లచ్ వేడెక్కుతుంది. బ్రేకు వదిలి, బండి కదలగానే సగం, ఆపైన పూర్తిగా తొక్కడమే మంచిది. రెండు మూడుసార్లు వరసగా చేశాక మాడిన వాసన వస్తే ఆపేసి, మామూలుగా పది నిమిషాలు నడిపి చల్లబరచాలి.

ఇక మన ఎండ. 25 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల 44 డిగ్రీల గాలి దాదాపు 6 శాతం పలచన. వెర్నాకు కాగితం మీదున్న 10 పీఎస్ ఆధిక్యమూ దాదాపు అంతే! టర్బో కొంత పూడుస్తుంది గానీ, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కాక నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, దాంతో పవర్ తగ్గుతుంది. ఒక బండిని పొద్దున ఏడింటికి, ఇంకోదాన్ని మధ్యాహ్నం మూడింటికి చూస్తే ఆ పోలికకు విలువ లేదు. ఏసీ, మనుషుల సంఖ్య, ట్యాంకులో పెట్రోలు, టైర్లలో గాలి కూడా రెంట్లోనూ ఒకేలా ఉండాలి. రెంటివీ 45 లీటర్ల ట్యాంకులే. నిండు ట్యాంకు అంటే 33 కిలోల బరువు.

కొలిచే పద్ధతిలోనూ మోసం ఉంది. నిబంధనల ప్రకారం స్పీడోమీటర్ ఎక్కువ చూపొచ్చు గానీ తక్కువ చూపకూడదు. అందుకే మీటర్‌లో వంద పడినప్పుడు అసలు వేగం చాలా బండ్లలో 95 దగ్గరే ఉంటుంది. మీటర్‌ను వీడియో తీసి ‘ఏడున్నర సెకన్లే’ అనేవాళ్ల లెక్క ఇదే. మామూలుగా సెకనుకు ఒకసారి చదివే ఫోన్ జీపీఎస్‌తో అర సెకను తేడా తేల్చలేం. సెకనుకు పదిసార్లు చదివే జీపీఎస్ పరికరం కావాలి, అదీ రేస్ ట్రాక్ మీద. మడికొండ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది కదా అని పందెం పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మొదటిసారికే 3 నెలల దాకా జైలు, 5000 దాకా జరిమానా, లేదా రెండూ. పైగా యాసంగి కోతలప్పుడు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. తారు మీద చెదిరిన గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు రాల్చే దుమ్మూ అంతే.

రోజూ పనికొచ్చే పికప్ 50 నుంచి 90 దాకా ఉండేది. భూపాలపల్లి వైపు రెండు లేన్ల రోడ్డు మీద బొగ్గు టిప్పర్‌ను దాటాలంటే కావాల్సింది అదే. ఇక్కడ రెండు బండ్లూ దాదాపు సమానం, టైర్లు జారే గొడవ లేదు. మాన్యువల్‌లో ఆరో గేరు మీదే తొక్కితే ఏ బండీ కదలదు, మూడో గేరుకు దించాలి. ఆటోమేటిక్ వర్టస్ ‘డి’లో కిందికి దిగడానికి ఒక క్షణం ఆలోచిస్తుంది. దాటే ముందే ‘ఎస్’లోకి లాగితే ఆ ఇబ్బంది పోతుంది. వెర్నాలో స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్‌తో రెండు గేర్లు దించుకుంటే సరి. నలుగురు కూర్చుని, డిక్కీలో సామాన్లతో, ఏసీ వేసుకొని చూడండి. కొనేవాళ్లకు పనికొచ్చే టెస్ట్ డ్రైవ్ అదే.

షోరూంలో ఒక జాగ్రత్త. టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చే వెర్నా టర్బో కాకపోవచ్చు. 115 పీఎస్ మామూలు 1.5 పెట్రోల్ కూడా ఉంది, బయటినుంచి చూస్తే ఒకేలా అనిపిస్తుంది. ముందు చక్రాల్లో ఎర్ర క్యాలిపర్లు (బ్రేకు డిస్కును పట్టే భాగాలు) ఉన్నాయేమో చూడండి, ఉంటే టర్బోనే. వర్టస్‌లో ‘జీటీ లైన్’ అనే పేరు చూసి మోసపోవద్దు, అది 1.0 లీటర్ ఇంజినే, 115 పీఎస్, 178 ఎన్ఎం. 1.5 కావాలంటే ‘జీటీ ప్లస్’ అని అడగాలి, బుకింగ్ కాగితం మీద ఇంజిన్ సీసీ రాయించుకోవాలి.

పరుగు సంగతి అటుంచితే, ఆగడంలో వెర్నా టర్బో పై వేరియంట్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వర్టస్‌కు వెనక డ్రమ్ములే. ఒక్కసారి గట్టిగా ఆపితే తేడా పెద్దగా తెలియదు. కొనేది ఆ పది పీఎస్ కోసమే అయితే వెర్నా ఆటోమేటిక్ తీసుకోండి, మొదటి సెట్టు టైర్లు అరిగాక అదే సైజులో పట్టు బాగున్నవి వేయించండి. వంద దాకా పరుగులో అవి ఇచ్చేంత లాభం ఇంజిన్ మీద పెట్టే ఖర్చుతో రాదు.