సీమెన్స్ ఫాస్ట్‌కనెక్ట్ ప్రొఫిబస్ కేబుల్, కనెక్టర్: కొనదగ్గవే, ఆ స్విచ్ సంగతి తెలిస్తే

ప్రొఫిబస్ డీపీ (ఫ్యాక్టరీల్లో కంట్రోలర్‌నీ యంత్రాల పరికరాలనీ ఒకే కేబుల్ మీద కలిపే నెట్‌వర్క్) లైన్ వేసేవాళ్లు ఊదారంగు ఫాస్ట్‌కనెక్ట్ కేబుల్, 90 డిగ్రీల కనెక్టర్, స్ట్రిప్పర్ (కేబుల్ ఒలిచే పనిముట్టు) మూడూ కలిపే కొనాలి. స్ట్రిప్పర్ డబ్బు మిగులుతుందని కత్తితో ఒలిస్తే షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) పోగు ఒకటి కోర్‌కి (లోపలి తీగకి) తగిలి లైన్ షార్టవ్వచ్చు. స్ట్రిప్పర్ అయితే పై తొడుగునీ షీల్డ్‌నీ కావలసిన కొలతకే కోస్తుంది. కోర్లను ఒలవక్కర్లేదు. ఆకుపచ్చ కోర్ కనెక్టర్‌లో ఏ గుర్తు దగ్గరకి, ఎరుపుది బి గుర్తు దగ్గరకి పోవాలి. మూత నొక్కితే కాంటాక్టులు ఇన్సులేషన్‌ని చీల్చుకుని పట్టుకుంటాయి. స్క్రూ కనెక్టర్ కంటే ఇదే మేలు.

అసలు చూసుకోవలసింది కనెక్టర్ మీది టెర్మినేషన్ స్విచ్. టెర్మినేషన్ అంటే సిగ్నల్ వెనక్కి తిరగకుండా లైన్ రెండు చివర్లలో పెట్టే రెసిస్టర్. దాన్ని ఆన్ చేస్తే 220 ఓమ్‌ల టెర్మినేషన్ లైన్‌కి కలుస్తుంది, అవుట్ వైపు కేబుల్ విడిపోతుంది. అందుకే రెండు చివర్లలోనూ కేబుల్ ఇన్ వైపే పడాలి. పొరపాటున అవుట్‌లో పెట్టి స్విచ్ ఆన్ చేస్తే ఆ పరికరం బస్ (అన్ని పరికరాలూ పంచుకునే లైన్) మీద కనబడదు. మధ్యలో ఎక్కడైనా స్విచ్ ఆన్‌లో ఉండిపోతే దాని తర్వాతి స్లేవ్‌లన్నీ (కంట్రోలర్ అడిగితే జవాబిచ్చే పరికరాలు) పడిపోతాయి.

పరికరాల నుంచి కనెక్టర్లన్నీ తీసి 3, 8 పిన్‌ల మధ్య మీటర్ పెడితే సుమారు 110 ఓమ్‌లు రావాలి. 220 వస్తే ఒక చివర టెర్మినేషన్ లేనట్టే. కొలత మాత్రం రెండు చివర్ల నుంచీ తీయాలి. మధ్య స్విచ్ ఆన్‌లో ఉన్నా మొదటి చివర నుంచి 110 చూపిస్తుంది, రెండో చివర నుంచి కొలిస్తేనే 220 బయటపడుతుంది.

టెర్మినేషన్‌కి 5 వోల్టులు అందించేది చివరి పరికరమే. దాన్ని ఆపితే బస్ అంతా తడబడుతుంది. తరచూ ఆపే యంత్రం చివర్లో ఉంటే 24 వోల్టుల యాక్టివ్ టెర్మినేటర్ పెట్టండి, ఖర్చుకి వెనకాడొద్దు.

వేగం ఎంచుకునే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. స్లేవ్‌ల సంఖ్యను 300తో, మొత్తం బైట్లను 11తో గుణించి, రెండూ కలిపి, 380 చేర్చి, మెగాబిట్ వేగంతో భాగిస్తే సుమారు సైకిల్ (కంట్రోలర్ అన్ని స్లేవ్‌లనూ ఒకసారి పలకరించే సమయం) మైక్రోసెకన్లలో వస్తుంది. 20 స్లేవ్‌లు, ఒక్కోదానికి 8 బైట్లు అనుకుంటే మొత్తం 8,140 బిట్లు. 1.5 మెగాబిట్లకు దాదాపు 5.4 మిల్లీసెకన్లు, 500 కిలోబిట్లకు 16.3, 12 మెగాబిట్లకు 0.7. ఒక్కో సెగ్మెంట్‌కి (రిపీటర్ లేకుండా సాగే లైన్ ముక్కకి) వరుసగా 200, 400, 100 మీటర్లే హద్దు. 350 మీటర్ల లైన్‌కి 16 మిల్లీసెకన్లు సరిపోతే 500 కిలోబిట్లే పెట్టండి. సరిపోకపోతే 1.5 మెగాబిట్లతో మధ్యలో ఒక రిపీటర్ (సిగ్నల్‌ని మళ్లీ బలపరిచి పంపే పరికరం). సెగ్మెంట్‌కి 32 పరికరాల లెక్కలో రిపీటర్ రెండు వైపులా ఒక్కొక్కటిగా పడుతుంది.

12 మెగాబిట్లు అవసరం లేనిచోట వద్దు. ఆ వేగంలో కొమ్మ కేబుళ్లు (ప్రధాన లైన్ నుంచి పక్కకి చీల్చినవి) అసలు కుదరవు, పక్కపక్క పరికరాల మధ్య కూడా కనీసం 1 మీటర్ కేబుల్ చుట్టి ఉంచాలి.

కనెక్టర్లలో పీజీ సాకెట్ (ప్రోగ్రామింగ్ పరికరమో టెస్టరో తగిలించే అదనపు సాకెట్) ఉన్నవి కనీసం రెండు చివర్లకూ తీసుకోండి. టెస్టర్ పెట్టాలంటే లైన్ విప్పక్కర్లేదు. మామూలు కేబుల్ లోపలిది ఒంటి రాగి తీగ కాబట్టి యంత్రంతో పాటు కదిలే కేబుల్ చైన్‌లో త్వరగా విరుగుతుంది, అక్కడికి పదేపదే వంగడానికి చేసిన ట్రెయిలింగ్ కేబులే కావాలి. డ్రైవ్ మోటార్ కేబుళ్లు ఉన్న ట్రేలో దీన్ని వేయకండి, దాటక తప్పకపోతే అడ్డంగా 90 డిగ్రీల్లో దాటించండి.