గాంధీ పుట్టిన ఊరికి ఒక పూట, చదివిన ఊరికి ఒక రాత్రి

ద్వారక–సోమనాథ్ ప్యాకేజీ బస్సుల్లో వెళ్లే మనవాళ్లకి పోర్‌బందర్ దారిలోనే తగులుతుంది. కీర్తి మందిర్ దగ్గర బస్సు ఆపేది మహా అయితే ముప్పావుగంట. అదంతా 1950లో సర్దార్ పటేల్ ప్రారంభించిన 79 అడుగుల కొత్త కట్టడం ముందు ఫోటోలకే సరిపోతుంది. దాన్ని ఆనుకునే గాంధీ కుటుంబం ఉన్న పాత మూడంతస్తుల ఇల్లు ఉంది. ముందు అందులోకి వెళ్లండి. 1869 అక్టోబర్ 2న ఆయన పుట్టిన చోట నేల మీద స్వస్తిక్ గుర్తు కనిపిస్తుంది. పైగదులకి ఎక్కే చెక్కమెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గదులతో సరిపెట్టుకోవడం మేలు. చెప్పులు బయటే విడవాలి కాబట్టి ఎండాకాలం పొద్దున్నే వెళ్లాలి. కస్తూర్బా పుట్టిల్లు వెనక సందులోనే ఉంది. అన్నీ కలిపి రెండు గంటల పని, అందుకని పోర్‌బందర్‌లో గది తీసుకోనక్కర్లేదు. సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం గడపాలనుకుంటే మాత్రం చౌపాటీ వైపు చూసుకోండి.

చదువు సంగతి తెలియాలంటే రాజ్‌కోట్ వెళ్లాల్సిందే. రోడ్డున 180 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. తండ్రి ఉద్యోగం వల్ల ఏడేళ్ల వయసులో ఇక్కడికొచ్చిన మోహన్‌దాస్ 1887లో మెట్రిక్ పాసయ్యేదాకా ఈ ఊరి బడుల్లోనే చదివాడు. ఆయన చదివిన ఆల్‌ఫ్రెడ్ హైస్కూలు 2017లో మూతపడి, మరుసటేడు మహాత్మాగాంధీ మ్యూజియంగా తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ‘కెటిల్’ స్పెల్లింగ్ రాయమన్నప్పుడు, పక్కవాడిది చూసి రాయమని మాస్టారు బూటుకాలితో సైగ చేసినా ఆ కుర్రాడికి అర్థం కాలేదు. ఆత్మకథలో ఉన్న ఆ సంఘటన జరిగింది ఈ హైస్కూల్లోనే. లోపల తెరలూ వీడియోలూ కాస్త ఎక్కువైనట్టనిపిస్తాయి గానీ, ఆ రాతి కమానుల వరండాలు చూడ్డానికే వెళ్లొచ్చు. రెండు గంటలు పెట్టుకోండి. సోమవారం సెలవు.

కబా గాంధీ నో డేలో, అంటే వాళ్ల నాన్న కట్టించిన ఇల్లు, ఘీకాంటా రోడ్డు సందుల్లో ఉంది. ఆటోలో వెళ్లడమే నయం, కారు నిలపడానికి చోటు దొరకదు. 1885లో తండ్రి పోయింది ఈ ఇంట్లోనే. మధ్యాహ్నం మూసేస్తారు. రాజ్‌కోట్‌లో ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా బజారు కూడా నిద్రపోతుంది. కాబట్టి పొద్దున ఇల్లు, సాయంత్రం మ్యూజియం పెట్టుకోండి. ఈ విరామం వల్లే ఇక్కడ ఒక రాత్రి ఉండమనేది. బస మ్యూజియం ఉన్న జవహర్ రోడ్డు చుట్టుపక్కలైతే రెండూ దగ్గరే. కొత్త విమానాశ్రయం మాత్రం ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో హీరాసర్‌లో ఉంది. టాక్సీ ఖర్చు లెక్కలో వేసుకోండి.

థాలీలో పప్పు తియ్యగా ఉంటుంది. పచ్చడి సీసా మర్చిపోకండి.

సికింద్రాబాద్ నుంచి రెండు ఊళ్లకీ నేరుగా రైళ్లున్నాయి. రోజూ ఉండవు కాబట్టి రైలు రోజు చూసుకున్నాకే గది బుక్ చేయండి. 1888లో ఆయన ఒక్క టర్మ్ చదివి, పాఠాలు అందక వచ్చేసిన శామల్‌దాస్ కాలేజీ భావనగర్‌లో ఉంది. అటు జైన గుళ్లున్న పాలిటానాకి వెళ్లే పని ఉంటే తప్ప దానికోసం ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.