పరిశోధన పద్ధతులు నేర్పుతామనే ఆ ఆరు వారాల కోర్సు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, చేయాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఆసియా దేశాల మీద పని చేయాలని నాలాగే ఆశపడుతున్నవాళ్లు దయచేసి చివరి దాకా చదవండి. విజయవాడలో బెంజి సర్కిల్‌కు దగ్గర్లో ఒక శిక్షణ సంస్థ ఆసియా అధ్యయనాల కోసం సామాజిక పరిశోధన పద్ధతులు నేర్పుతామంటూ ఆరు వారాల కోర్సు నడుపుతోంది. జనవరిలో 24,000 రూపాయలు కట్టి చేరాను. మూడో వారం తర్వాత మానేశాను. ఫిర్యాదు విచారణలో ఉంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లు పని చేసే తీరు చెబుతాను, ఎదురైతే మీరే గుర్తుపడతారు.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తాగా పని చేశారు. తేజ రకం కాయ చైనాకు, థాయ్‌లాండ్‌కు పోతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. అవతలి దేశంలో కొనుగోలు తగ్గిందనే కబురు ఇక్కడ టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకుని కూర్చున్న రైతుకు ఎవరి ద్వారా, ఎన్ని రోజులకు చేరుతుంది? ఈలోగా ఎవరు లాభపడతారు? ఇదే నా పరిశోధన ప్రశ్న. దీన్ని ఎలా పట్టుకోవాలో తెలియకే ఆ కోర్సులో చేరాను. ప్రతి శని, ఆదివారాలు గుంటూరు నుంచి బస్సులో వెళ్లివచ్చేదాన్ని.

మా తరగతిలో 22 మంది ఉన్నాం. అమరావతికి వచ్చే శ్రీలంక బౌద్ధ యాత్రికుల మీద పని చేస్తున్న అబ్బాయి ఒకరు. కువైట్‌లో ఇళ్లలో పని చేసి తిరిగొచ్చిన కడప, గోదావరి జిల్లాల స్త్రీల మీద రాయాలనుకుంటున్న అక్క ఒకరు. ఏ ప్రశ్నకు తగిన దారి దానికి ఉంటుంది. రెండో వారం మా అందరి చేతుల్లో ఒకే ప్రశ్నావళి పెట్టారు. 30 వాక్యాలు, ఒక్కోదానికి "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అస్సలు అంగీకరించను" దాకా ఐదు గడులు. శీర్షికలో మీ అంశం పేరు మార్చుకుంటే చాలన్నారు.

ఆ ఐదు గడుల కొలమానం 1932లో రెన్సిస్ లైకర్ట్ మనుషుల వైఖరులను కొలవడానికి రూపొందించినది. వైఖరి కొలవాలంటే మంచి సాధనమే. ధర కబురు ఎప్పుడు ఎవరి నుంచి ఎవరికి అందిందన్నది మాత్రం వైఖరి కాదు, జరిగిన విషయాల వరుస. దానికి కమీషన్ ఏజెంటు పక్కన కూర్చుని ఫోన్లు ఎప్పుడు వస్తున్నాయో రాసుకోవాలి, ఆ రోజు చీటీల మీద ధరలు చూడాలి, అదే సంగతి రైతునూ ఎగుమతిదారునూ విడివిడిగా అడిగి పోల్చాలి. ఈ మాట తరగతిలో అడిగితే "అలాంటివి పరిశోధనగా ఒప్పుకోరు, అంకెలు కావాలి" అన్నారు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

రెండో అనుమానం 384 అనే అంకెతో వచ్చింది. ఎవరి అంశం ఏదైనా 384 మందిని అడగాలన్నారు. ఎందుకంటే "అంతర్జాతీయ ప్రమాణం" అన్నారు. ఆ లెక్క చాలా సులువు, మీరూ తెలుసుకోండి. 95 శాతం విశ్వాసస్థాయికి వాడే 1.96ను వర్గం చేసి, 0.25తో గుణించి, 5 శాతం దోష పరిమితి (వచ్చిన అంకె అసలుకు ఎంత అటూఇటూ ఉండొచ్చో ఆ హద్దు) వర్గంతో, అంటే 0.0025తో భాగిస్తే 384.16 వస్తుంది. పెద్ద జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉన్నప్పుడే దానికి అర్థం ఉంటుంది. అలా ఎంచాలంటే ముందు జాబితా ఉండాలి. కువైట్ నుంచి తిరిగొచ్చిన స్త్రీలందరి జాబితా ఆ అక్కకు ఎక్కడ దొరుకుతుంది? ఒకరు ఇంకొకరిని చూపిస్తే, వాళ్లు మరొకరి ఇంటికి తీసుకెళ్తే, అలా గొలుసుకట్టుగా వెళ్లాల్సిందే. ఆ పద్ధతికీ పుస్తకాల్లో పేరుంది, నియమాలున్నాయి, పరిమితులున్నాయి. మాకు ఒక్క ముక్క చెప్పలేదు.

సంఖ్య పెద్దదైతే నిజం దొరుకుతుందన్న నమ్మకం ఎంత ప్రమాదమో 1936లోనే తేలింది. అమెరికాలో ఒక పత్రిక దాదాపు కోటి మందికి తపాలాలో నమూనా బ్యాలెట్లు పంపి, సుమారు 24 లక్షల జవాబులు తెచ్చుకుని, అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం ఒక తప్పు. జవాబు రాసే ఓపిక ఎవరికి ఉందో వాళ్ల మాటే అందరి మాట అనుకోవడం ఇంకో తప్పు.

ఇక ఆసియా సంగతి. "ఆసియా మనస్తత్వం" అని ఒక గంట పాఠం చెప్పారు. జపాన్, చైనా, ఇండొనేషియా, అరబ్బు దేశాలు అన్నీ ఒకే గాటన కట్టేశారు. భాష ప్రస్తావనే లేదు. అమెరికా మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ వెళ్లే వీలు లేక, అమెరికాలో ఉన్న జపనీయులను అడిగి, పుస్తకాలూ సినిమాలూ చూసి ఆ దేశం గురించి రాశారు. అక్కడికి వెళ్లలేదన్న సంగతి ఆమె తన పుస్తకంలోనే చెప్పుకున్నారు. అయినా ఆ పని మీద విమర్శలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ మలేషియాలోని కెడా రాష్ట్రంలో ఒక వరి పండించే పల్లెలో సుమారు రెండేళ్లు గడిపారు. అంత దూరం ఎందుకు, 1950ల మొదట్లో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేశారు. మన భాష మాట్లాడే ఊరు, మనకు చేతికందే ఉదాహరణ. మూడు వారాల్లో వీళ్లలో ఒక్కరి పేరూ వినబడలేదు.

మూడో వారం శనివారం సాయంత్రం అసలు విషయం బయటపడింది. క్షేత్రానికి వెళ్లి మనుషులను అడిగే తీరిక లేనివాళ్లకు "డేటా మేమే సమకూరుస్తాం, 6,000 రూపాయలు" అని మెల్లగా చెప్పారు. నింపిన 384 ప్రశ్నావళులు, పట్టికలు, గ్రాఫులు అన్నీ పది రోజుల్లో ఇస్తారట. ఒంట్లో వణుకు పుట్టింది. ఎవరినీ అడగకుండా నింపిన కాగితాలవి. నేను ఆ రోజే లేచి వచ్చేశాను.

యాత్రికుల మీద పని చేస్తున్న అబ్బాయి కట్టాడు. ఇంట్లో జబ్బు మనిషి, ఉద్యోగం, గడువు దగ్గర పడుతోంది. అతన్ని నేను తప్పు పట్టలేను. అతని గైడ్ ఆ కాగితాలు తిరగేస్తే, జవాబు చెప్పిన భాష అనే గడిలో 384 మందికీ "తెలుగు" అని ఉంది. శ్రీలంక నుంచి వచ్చిన సింహళ యాత్రికులు! అమరావతి మ్యూజియం ఆవరణలో అడిగినట్లు రాసిన తేదీల్లో శుక్రవారాలు ఉన్నాయి. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇప్పుడు మొత్తం పక్కన పెట్టి మళ్లీ మొదలు పెట్టమన్నారు. ఏడాది పోయింది. థీసిస్‌గా బయటి పరీక్షకులకు వెళ్లకుండా అక్కడితో ఆగింది, అదొక్కటే ఊరట. పీహెచ్‌డీ విద్యార్థులందరికీ పరిశోధన నైతికత మీద 2 క్రెడిట్ల కోర్సును యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2019లో తప్పనిసరి చేసింది. లేని డేటాను సృష్టించడం తప్పని అందులో పాఠమే ఉంది. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో దొరికితే ఏ శిక్షణ సంస్థా మీ పక్కన నిలబడదు.

మన దేశంలో ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ నమూనా సర్వేలు నడిపినప్పుడు ఒకే ప్రాంతంలో వేర్వేరు బృందాలతో విడివిడిగా లెక్క తీయించి, రెంటినీ పోల్చేవారు. అడిగేవాళ్ల పొరపాటును పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైనప్పుడు దాని వెనుక ఉన్నది ఆ శ్రద్ధే.

వాళ్ల కరపత్రంలో "యూజీసీ గుర్తింపు పొందిన సర్టిఫికెట్" అని ఉంది. యూజీసీ పరిధిలోకి వచ్చేవి విశ్వవిద్యాలయాలూ వాటి డిగ్రీలూ. అద్దె గదుల్లో నడిచే ఆరు వారాల కోర్సుకు ఆ మాట ఎలా వాడుతున్నారో ఉత్తర్వు చూపించమని అడగండి. నాకు చూపించలేదు. రసీదు కూడా సంస్థ పేరుతో కాక వేరే పేరుతో ఇచ్చారు. ఇంటికి వచ్చాక గానీ నేను గమనించలేదు, మీరు కౌంటరు దగ్గరే చదువుకోండి. పాఠం చెప్పేవారు స్వయంగా ఎక్కడ క్షేత్ర పరిశోధన చేశారో, ఏ భాషలో చేశారో కనుక్కోండి. మీ ప్రశ్న చెప్పి, దానికి ఏ పద్ధతి సరిపోతుందని అడగండి. మీ ప్రశ్న వినకముందే పద్ధతి చెప్పేస్తే ఆ మెట్లు దిగి వచ్చేయండి.

డబ్బు పెట్టకుండానే నేర్చుకునే వీలుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో పరిశోధన పద్ధతుల కోర్సులు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. భారతీయ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధగంగలో మీ అంశానికి దగ్గరగా ఉన్న నాలుగు థీసిస్‌లు తీసి, పద్ధతుల అధ్యాయం మాత్రం చదవండి. మంచిదేదో చెడ్డదేదో వారంలో తెలిసిపోతుంది. పరిశోధక విద్యార్థుల కోసం ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) సహాయంతో విశ్వవిద్యాలయాల్లో పద్ధతుల శిక్షణ తరగతులు జరుగుతుంటాయి, ప్రకటనలు చూస్తూ ఉండండి. లెక్కలకు ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

డబ్బు వెనక్కి అడిగితే ఇచ్చేది లేదన్నారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు, రెండేళ్లలోపు వేయాలి. జనవరి బ్యాచ్‌లో నాతో ఉన్నవాళ్లు రసీదు, కరపత్రం, వాళ్లు పంపిన వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. "డేటా సమకూరుస్తాం" అన్న సందేశం ఎవరి ఫోనులో ఉన్నా నాకు పంపండి, ఫిర్యాదుకు జతచేస్తాను.