తైపేలో రెండు రోజులు, ఒక మహారాణి ముఖం

నాన్న ముప్పై నాలుగేళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. రిటైరయ్యాక ఎక్కడికైనా వెళ్దామంటే కాశీ అంటారనుకున్నాను. "చైనా వాళ్ల పాత బొమ్మలు, అచ్చువి కాదు, అసలువి ఒక్కసారి చూడాలమ్మా" అన్నారు.

బీజింగ్ వెళ్లాలేమో అనుకుని వెతకడం మొదలుపెట్టాను. తీరా చూస్తే చక్రవర్తుల కొలువులో ఉన్న గొప్ప చిత్రాల్లో చాలా భాగం తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్నాయి. జపాన్ సేనలు దగ్గరికొస్తున్నాయని 1933లో వాటిని పెట్టెల్లో సర్ది బీజింగ్ నుంచి దక్షిణానికి పంపేశారు. యుద్ధకాలమంతా అవి ఊరూరా తిరిగాయి. చివరికి 1948-49లో 2,972 పెట్టెలు ఓడల్లో తైవాన్ చేరాయి. నేనీ సంగతి చెబుతుంటే నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తైపేకే టికెట్ తీశాం.

వీసా సంగతి ముందే చెబుతాను. చెల్లి అమెరికాలో ఉంటుంది కాబట్టి మా ఇద్దరికీ అక్కడి వీసాలున్నాయి. వాటి ఆధారంగా తైవాన్ అనుమతి పత్రం ఆన్‌లైన్‌లో ఉచితంగా వచ్చింది. అలాంటి వీసా లేనివాళ్లు చెన్నై, ఢిల్లీ లాంటి చోట్ల తైవాన్ ప్రతినిధి కార్యాలయంగా పనిచేసే తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్‌లో దరఖాస్తు చేసుకోవాలి.

టికెట్ తీయకముందే చేయాల్సిన పని ఒకటి ఉంది. మ్యూజియం వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే వారాల్లో ఏ చిత్రాలు పెడుతున్నారో చూసుకోండి. పట్టు, కాగితం వెలుతురుకు పాడవుతాయి. అందుకని చిత్రాలను మారుస్తూ ఉంటారు. అన్నిటికన్నా విలువైనవాటిని కొన్ని వారాలే చూపించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి చీకటిలో విశ్రాంతిగా ఉంచుతారు. నేను ఈ పని టికెట్ తీశాక చేశాను. ఫాన్ క్వాన్ గీసిన పెద్ద కొండ చిత్రం ఆ జాబితాలో లేదు. రెండు మీటర్లకు పైగా ఎత్తున్న పట్టు మీద, దాదాపు వెయ్యేళ్ల కింద గీసిన బొమ్మ అది. గువో షీ 1072లో గీసిన 'తొలి వసంతం' కూడా లేదు. నాన్నకు చెప్పడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. "ఉన్నవే చూద్దాంలే" అన్నారు గానీ, ముఖం చిన్నబోయింది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎక్స్‌ప్రెస్ మెట్రో నలభై నిమిషాల లోపే తీసుకొస్తుంది, ఛార్జీ 150 తైవాన్ డాలర్లు. మెట్రోలో తినకూడదు, తాగకూడదు, మంచినీళ్లు కూడా. జరిమానా వేస్తారు. పెద్దవాళ్లతో వెళ్తే మాత్రలేవైనా స్టేషన్ బయటే వేయించండి.

మొదటి రాత్రి మెయిన్ స్టేషన్ దగ్గరున్న హోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది, కిటికీ మాత్రం లేదు. తైపేలో తక్కువ ధర గదులు చాలావరకు ఇలాగే ఉంటాయట. బుక్ చేసేటప్పుడు ఆ ఒక్క ముక్కా నేను చదవలేదు. తెల్లారిందో లేదో తెలియక నాన్న మూడుసార్లు లేచారు. మర్నాడే షీలిన్ స్టేషన్ వైపు ఒక చిన్న హోటల్‌కు మారాం. అద్దె కొంచెం ఎక్కువే, కానీ కిటికీలోంచి చెట్లు కనిపించాయి. అదీకాక మ్యూజియంకు వెళ్లే బస్సులు చాలావరకు షీలిన్ నుంచే. రెడ్ 30 నంబరు బస్సు మ్యూజియం ముంగిట దింపుతుంది. చిత్రాల కోసమే వెళ్లేవాళ్లు షీలిన్‌లోనే దిగడం మంచిదని నా అభిప్రాయం.

విదేశీయులకు టికెట్ 350 తైవాన్ డాలర్లు. సోమవారం సెలవు. తొమ్మిదింటికి తలుపులు తీయగానే లోపలికెళ్లాం. టూరిస్టు బృందాలన్నీ అక్కడి ప్రసిద్ధ శిల్పం పచ్చరాతి క్యాబేజీ వైపు నడిచాయి. మేం తిన్నగా రెండో అంతస్తుకు, చిత్రాల గదుల్లోకి వెళ్లిపోయాం. దాదాపు గంటసేపు మాతోపాటు పదిమంది కూడా లేరు.

అక్కడ కనిపించింది ఆవిడ. దాదాపు వెయ్యేళ్ల కింద చైనాను ఏలిన సోంగ్ వంశపు చక్రవర్తి రెన్‌జోంగ్ భార్య. పట్టు మీద ఇంచుమించు మనిషంత బొమ్మ. ముదురు నీలం దుస్తులు, తల మీద డ్రాగన్లతో నిండిన పెద్ద కిరీటం, చెంపల మీద వరసగా అంటించుకున్న ముత్యాలు. ఇరుపక్కలా ఇద్దరు చెలికత్తెలు, ఒకరి చేతిలో తువ్వాలు. వాళ్ల తలపాగాల నిండా పూలు. ఆ పూలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. ఇంత అలంకారం మధ్య మహారాణి ముఖంలో గీతలు లెక్కకు పది కూడా ఉండవేమో. నీడ అసలే లేదు. కనుబొమ్మ, కనురెప్ప, పెదవి అంచు, అంతే. అయినా ఆవిడ అక్కడ కూర్చునే ఉన్నట్టుంది.

"నీడ వేయకుండా ముక్కు ఎట్లా లేపాడో చూడమ్మా" అన్నారు నాన్న. పిల్లలకు ముప్పై నాలుగేళ్లు షేడింగ్ నేర్పిన మనిషి ఆ ముక్కు ముందు నలభై నిమిషాలు నిలబడ్డారు.

ఇవి గోడకు తగిలించి సందర్శకులకు చూపించుకోవడానికి వేయించిన బొమ్మలు కావు. పూర్వీకుల పూజకు పెట్టుకున్నవి. అందుకే మహారాణి నవ్వదు, ఎవరినీ పలకరించదు. మనం నిలబడిన చోట ఒకప్పుడు కొడుకులూ మనవలూ మోకరిల్లి ఉండేవారు. అది తెలిశాక ఆ గదిలో గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు.

నీడ గురించి ఇంకో సంగతి ఉంది. మిలాన్‌లో పుట్టిన జ్యుసెప్పె కాస్టిల్యోనే 1715లో చైనా చేరి, 1766లో చనిపోయేదాకా అక్కడే కొలువు చిత్రకారుడిగా ఉన్నాడు. చైనా పేరు లాంగ్ షీనింగ్. ఐరోపా పద్ధతిలో ముఖం మీద సగం వెలుగు, సగం నీడ వేస్తే అక్కడివాళ్లకు అది మరకలా కనిపించేదట. అందుకని ముఖమంతటికీ ఎదురు వెలుగు పడుతున్నట్టు గీయడం అలవాటు చేసుకున్నాడు. ఆయన 1728లో గీసిన నూరు గుర్రాల చుట్ట (చుట్టి దాచుకునే పొడవాటి చిత్రం) దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు.

చుట్ట చిత్రాలను కుడి నుంచి ఎడమకు చూడాలి. చాలామంది ఎడమ చివర మొదలుపెట్టి కథను తిరగేసి చూస్తూ పోతున్నారు. మీరు ముందు కుడి చివరకు వెళ్లండి. 1736లో అయిదుగురు కొలువు చిత్రకారులు కలిసి గీసిన 'చింగ్‌మింగ్ నాడు నదీతీరం' (చింగ్‌మింగ్ అంటే పూర్వీకుల సమాధులను దర్శించుకునే పండుగ) చుట్ట పదకొండు మీటర్లు దాటుతుంది. దాని మూలచిత్రం, జాంగ్ జెదువాన్ గీసింది, బీజింగ్‌లోనే ఉంది. ఇక్కడి చుట్టను పెద్ద తెర మీద కదిలేట్టు చేసి చూపించారు. పడవలు, వంతెన, నాటకం చూసే జనం కదులుతుంటే నాన్న మా జనగామ వైపు చేర్యాల పటాలను తలచుకున్నారు. కథకుడు పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ కథ చెప్పేవాడు. ఇక్కడ చూసేవాడే చేతులతో పక్కకు విప్పుకుంటూ తనకు తానే చెప్పుకుంటాడు.

మధ్యాహ్నానికి కాళ్లు పీకాయి. నాలుగో అంతస్తులో టీ గది ఉంది, అక్కడ కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. రెండో రోజు నాన్న ఒప్పుకున్నారు, మొదటి రోజే తీసుకోవాల్సింది. శాకాహారానికి ఇబ్బంది లేదు. స్వస్తిక గుర్తున్న బోర్డు కనిపిస్తే అది బౌద్ధుల శాకాహార హోటల్. చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కారానికి మాత్రం ఇంటి నుంచి పొడి పట్టుకెళ్లాం.

ఒక్క రోజులో మ్యూజియం ముగించి, మిగతా సమయం రాత్రి బజార్లకు ఇవ్వమని అందరూ చెప్పారు. మేం రెండో రోజూ 350 పెట్టి అవే గదులకు వెళ్లాం. డబ్బు వృథా అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

బయటికొచ్చే ముందు కింద దుకాణంలో నాన్న ఫాన్ క్వాన్ కొండ నకలు కొన్నారు. ఆ చిత్రంలో చిత్రకారుడి సంతకం ఉందని వందల ఏళ్లు ఎవరూ గమనించలేదు. కుడివైపు కింద, కంచరగాడిదల వెనక ఆకుల సందులో దాక్కున్న రెండు అక్షరాలను 1958లో ఆ మ్యూజియం పండితుడు లీ లిన్‌త్సాన్ కనిపెట్టాడు. నకలును అట్టగొట్టంలో చుట్టి విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఇప్పుడది హాల్లో ఉంది. మధ్యాహ్నం ఎండ సరిగ్గా గోడ మీద పడే వేళ భూతద్దం పట్టుకుని, ఆకుల మధ్య వెతుకుతుంటారు. ఇంకా దొరకలేదు.