రిటైరైన వాళ్ల క్లబ్‌తో సాలార్‌జంగ్ మ్యూజియం: వెళ్లండి, కానీ అన్నీ చూసేద్దామని మాత్రం వెళ్లకండి

మా క్లబ్‌లో అందరూ రిటైరైన మగవాళ్లే. రైల్వే, బ్యాంకు, కరెంటాఫీసు, ఇద్దరు ముగ్గురు హెడ్మాస్టర్లు. సాయంత్రమైతే పార్కు బెంచీలు, కారమ్స్, పేపర్లో వచ్చినదాని మీద గొడవ, మధ్యలో ఎవరి మనవడి బారసాలో ఉంటే అక్కడ భోజనం. ఎన్నాళ్లని ఇదే, అప్పుడప్పుడు బయటికి వెళ్దామని ఒక కమిటీ వేసి అందులో నన్ను ఇరికించారు. ఇలాంటి క్లబ్బులు ఇప్పుడు చాలా కాలనీల్లో ఉన్నాయి కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మాటలు సాగదీయకుండా చెప్తున్నా, సిటీలో మా వయసు గుంపుకి సాలార్‌జంగ్ మ్యూజియంని మించిన చోటు నాకింతవరకు తగల్లేదు.

చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్లారు, తర్వాత పిల్లల్ని మనం తీసుకెళ్లాం, ఇంకేముంది అక్కడ అంటారా? మా వాళ్లూ అదే అన్నారు. కానీ అప్పట్లో మనం చూసిందేముంది, ఒకసారి లైన్లో తోసుకుంటూ, ఇంకోసారి పిల్లలు తప్పిపోతారేమోనని వాళ్ల చేతులు పట్టుకుని. నింపాదిగా చూసే తీరిక ఇప్పుడే కదా దొరికింది.

ఇంకో మాట. మా వయసులో చోటు ఎంత గొప్పదన్నది తర్వాతి సంగతి. కూర్చోడానికి నీడ ఉందా, బాత్రూం దగ్గర్లో ఉందా, మెట్లు ఎన్ని, ఇవి తేలాకే చరిత్ర. గోల్కొండ అంటే మాకందరికీ ప్రాణమే, కానీ పైదాకా మూడువందల అరవై దాకా మెట్లు. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టేవాళ్లు ఎక్కువైపోయి, పైన బాలాహిస్సార్‌లో వినేవాళ్లు కరువయ్యారు. ఇక ఒక ట్రావెల్స్ వాళ్ల మినీ బస్సులో నాగార్జునసాగర్ వెళ్లిన ముచ్చటైతే చెప్పకపోవడమే మేలు. నూటయాభై కిలోమీటర్లు, ఏసీ అన్నారు, ఎక్కాక చూస్తే ఫ్యాన్ గాలి కూడా డ్రైవరు వైపే. బాత్రూం కోసం ఆపమంటే ఆపడు, ఆయనకి కమీషన్ వచ్చే హోటల్ దగ్గర మాత్రం అడక్కుండానే ఆపాడు. సాగర్ తప్పేం లేదు, డ్యామ్ చూస్తే కడుపు నిండుతుంది, కానీ తిరిగొచ్చాక వారం రోజులు నడుములు పట్టుకుని ఫోన్లలో అందరూ నన్నే తిట్టారు.

మ్యూజియంకైతే బస్సే అక్కర్లేదు. మాది దిల్‌సుఖ్‌నగర్ వైపు, మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఎంజీబీఎస్. స్టేషన్లో లిఫ్టు ఉంటుంది, ఎస్కలేటరు ఉంటుంది, రైల్లో చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లని చూసి పిల్లలు లేచి సీటిస్తున్నారు కూడా. అక్కడ దిగి మ్యూజియం ఉన్న దారుల్‌షిఫా దాకా ఆటో, ఐదు నిమిషాల దూరం, మీటరు అనే మాట మాత్రం ఎత్తకండి, టైం వేస్టు. మా ఇళ్లలో ఆడవాళ్లైతే 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో టికెట్ లేకుండా యాదగిరిగుట్టా వేములవాడా అన్నీ చుట్టేసి వస్తున్నారు, మనం మెట్రో టికెట్‌కి కూడా చిల్లర లెక్కపెట్టుకుంటున్నాం, అది వేరే బాధ.

మ్యూజియం పదింటికి తెరుస్తారు. శుక్రవారం సెలవు, ఇది రాసి పెట్టుకోండి. ఆదివారం వద్దు, ఫ్యామిలీలతో కిటకిటలాడుతుంది. మోకాళ్లు మరీ బాగోలేని వాళ్లుంటే వీల్‌చైర్ సంగతి ముందే కనుక్కుని వెళ్లండి. లోపల దాదాపు నలభై గ్యాలరీలు ఉంటాయి. అన్నీ చూసి తీరాలని పట్టుబట్టేవాడు ప్రతి క్లబ్‌లోనూ ఒకడుంటాడు. ఆయన మాట వినకండి. నాలుగైదు గదులు ముందే అనుకుని వెళ్లడం మంచిది.

మాకు ఎక్కువసేపు పట్టిన గది ఏదో చెప్తే నవ్వుతారు. చేతికర్రల గది! ఏనుగుదంతం పిడి ఉన్నవి, చెక్కుడు పనివి, ఒకదాన్ని మించి ఒకటి. అద్దం ఇవతల మావాళ్లు ఎవరి కర్ర మీద వాళ్లు ఆనుకుని నిలబడి బేరానికొచ్చినట్టు చూస్తున్నారు. మా రైల్వే ఆయనది మెడికల్ షాపులో కొన్న అల్యూమినియం కర్ర, కింద నాలుగు కాళ్లుంటాయి, ఆయన దాన్ని పైకెత్తి చూపించి “అంత ఖరీదు పెట్టి కొన్నారు గానీ వీటిలో ఒక్కటైనా వదిలేస్తే దానంతటది నిలబడుతుందా?” అన్నాడు. అక్కడి గార్డు కూడా నవ్వాడు.

ముసుగు రెబెక్కా సంగతి అందరికీ తెలిసిందే, ఇటలీ శిల్పి బెంజోని చేతిపని, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ నుంచి తెచ్చాడు. ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకండి. కాస్త పక్కకి జరిగి ముక్కు దగ్గర చూడండి, ముసుగు మడత ముక్కు మీద నుంచి పెదవి మీదికి జారుతూ పల్చబడుతుంది, కింద చర్మం కనిపిస్తున్నట్టే ఉంటుంది, చూస్తే అంతా ఒకే పాలరాయి. తర్వాత ఆ చెక్క బొమ్మ, ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక అద్దంలో చూస్తే తలదించుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. రిటైరైన బ్యాంకు మేనేజర్ ఒకాయన “లోను అడిగేటప్పుడు ఒక మొహం, కట్టేటప్పుడు ఒక మొహం” అని తేల్చేశాడు.

అసలు విషయం గడియారం. పన్నెండింటికి దాని ముందుకి చేరేలా చూసుకోండి, ఒంటిగంటకి కాదు, పన్నెండింటికే, గంటలు ఎక్కువ వినిపిస్తాయి కదా. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ వాళ్లది. కింద చిన్న కమ్మరి బొమ్మ క్షణానికో దెబ్బ వేస్తూ ఉంటాడు. టైం దగ్గర పడగానే గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ముందే వెళ్లి కూర్చోవాలి, లేకపోతే స్కూలు పిల్లలు ఆక్రమించేస్తారు. ఆ పావుగంట నిరీక్షణే మా ట్రిప్పు మొత్తానికి బాగా నచ్చిన ఘట్టం. కరెంటాఫీసు ఆయన దాని లోపల ఏం తిరుగుతుందో ఊహించి చెప్తుంటే హెడ్మాస్టరు గారు అడ్డం పడటం, రైల్వే ఆయన తన వాచీ చూసుకుంటూ “మన వాచీయే కరెక్టు” అనడం, పక్కన కూర్చున్న ఎవరో పాప “తాతా, మీరందరూ ఒకే ఇంటివాళ్లా?” అని అడగడం. గంటలు మొదలయ్యాక మాత్రం ఒక్కరు మాట్లాడితే ఒట్టు, ఆరో ఏడో దాకా వేళ్ల మీద లెక్కపెట్టి తర్వాత తప్పిపోయారు.

ఇంతకీ ఇదంతా పోగేసిన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1912లో నిజాం దగ్గర దివాన్, అంటే ప్రధానమంత్రి అయి 1914లో వదిలేశాడు. 1889లో పుట్టినవాడు, అంటే పాతికేళ్లకే రిటైర్‌మెంట్ అన్నమాట! పెళ్లి చేసుకోలేదు, 1949లో పోయేదాకా వస్తువులు కొనడమే పని. తాత, ఆ మొదటి సాలార్‌జంగ్ కొన్నవీ ఉన్నాయనుకోండి. 1951లో వాళ్లుండిన దివాన్ దేవిడీ బంగళాలోనే జనానికి తెరిచారు, 1968లో ఇప్పుడున్న బిల్డింగుకి తెచ్చారు. మాలో అందరికన్నా పెద్దాయన చిన్నతనంలో దేవిడీలో చూశాడు, ప్రతి గదిలోనూ “ఇది అక్కడ బాగుండేది” అని ఒక మాట అనకుండా కదల్లేదు. ఇదంతా విని కరెంటాఫీసు ఆయన “మనకి రిటైరయ్యాక పోగైంది ఏంటయ్యా, పాత బిల్లులు, మందుల చీటీలు” అన్నాడు.

గంటలు అయిపోయాక ఇంకో గది అనకండి. షుగరు వాళ్లుంటారు, ఒంటిగంట లోపు పళ్లెం ముందు కూర్చోబెట్టాలి. ఇక్కడ మా క్లబ్ రెండుగా చీలింది. బిర్యానీ పార్టీ అక్కడికి దగ్గరే అని షాదాబ్‌కి, పప్పుచారు పార్టీ ఆటోల్లో అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌కి. 1948 నుంచి ఉన్న హోటల్ అది, మా పెళ్లిచూపుల కాలం నాటి సంగతులు అక్కడ బయటికొచ్చాయి గానీ అవి ఇక్కడ రాసేవి కావు. ఓపిక ఉన్న వాళ్లు తర్వాత చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఎండ ఉంటే ఇది వద్దు, నిలబడే తాగాలి.

డబ్బుల విషయం. మనిషికింత అని ముందు రోజే వసూలు చేసేయండి. ఆటో దిగాక లెక్కలేస్తే ఐదు రూపాయల మీద అరగంట చర్చ జరుగుతుంది, ఆడిట్ చేసిన వాళ్లుంటే గంట.

ఐదుకి నాలుగున్నర స్టార్లు. అర ఎందుకు తగ్గించానంటే మా వాళ్ల వల్లే, గుంపుగా ఉండమంటే ఉండరు, ఒకాయన చైనా పింగాణీ గదిలో, ఇంకొకాయన రవివర్మ బొమ్మల దగ్గర, ఫోన్లేమో సైలెంట్‌లో. గేటు దగ్గర ఎన్నింటికి కలవాలో టికెట్ కొనేటప్పుడే చెప్పి, ప్రతి ఒక్కరి చేతా తిరిగి చెప్పించండి.

తర్వాత ఎక్కడికి అంటే జనవరిలో నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్ అనుకుంటున్నాం, అదే మెట్రో లైన్లో గాంధీభవన్‌లో దిగితే సరి. సాయంత్రం జనంలో వద్దు, తెరవగానే వెళ్దామని నా మాట. తెరవగానే వెళ్తే మిర్చి బజ్జీలు వేడిగా దొరకవని రైల్వే ఆయన మాట. కమిటీ మీటింగు పెట్టారు, ఇంకా తేలలేదు.