ఫోన్‌లో పీర్ కౌన్సెలింగ్: ఏడాది దాటాక నా మాట

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు మెల్లగా పోయే కంటి జబ్బు. మొదట రాత్రిచూపు పోయింది, తర్వాత పక్కచూపు. ఎదురుగా మాత్రం కాస్త మిగిలింది. పీర్ కౌన్సెలింగ్‌లో చూపు లేనివాళ్లే మనలాంటివాళ్లకు ఫోన్‌లో ధైర్యం చెబుతారంటే చేరాను.

ధైర్యం సంగతి అటుంచి, కౌన్సెలర్ అక్క అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో టీ ఎవరు పెడుతున్నారు?" అత్తయ్య అన్నాను. "నీకు చేతులున్నాయిగా?" అంది. స్పీకర్ ఆన్ చేయించి, సింకులో కప్పు పెట్టించి చన్నీళ్లు పోయించింది. "చెవి పెట్టి విను, నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది." నిజమే! వారం తిరక్కుండా వేడి టీ కూడా ఒలకకుండా పోశాను. ఆ ఊపులో తెలిసినవాళ్లందరికీ చేరిపొమ్మని చెప్పాను.

ఇప్పుడు అడిగితే అంత గట్టిగా చెప్పను.

ఒకరోజు బస్సులో తెల్లకర్ర ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూస్తున్నాను. "ఫోన్ కనిపిస్తోందిగా, మరి కర్రెందుకు? సీటు కోసం నాటకాలు" అన్నాడు పక్కాయన. బస్సంతా నావైపే. మర్నాడు అక్కకు చెప్పి ఏడిచాను. ఆమె కాసేపాగి, "నాకు పుట్టుకతోనే చూపు లేదమ్మా. నన్నెవరూ అనుమానించలేదు. ఈ బాధ నాకు తెలీదు" అంది. ఆ నిజాయితీ నచ్చింది. నా కోపమంతా నిర్వాహకుల మీదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో అంధత్వాన్నీ, తక్కువ చూపునూ విడివిడిగా రాసింది. వీళ్ల ఫారంలో మాత్రం రెండింటికీ ఒకటే గడి. చూపు ఎప్పుడు పోయిందన్న ప్రశ్నే లేదు. వేరే కౌన్సెలర్‌ని ఇవ్వమంటే "అందరూ ఒకటేనండీ" అన్నారు.

చివరికి అక్కే నా జబ్బే ఉన్న ఒకాయన్ని కలిపింది. ఆయన ఓదార్చలేదు, ఒక్క వాక్యం బట్టీ పట్టించాడు: "ఎదురుగా కొంచెం కనిపిస్తుంది, పక్కన అసలు కనిపించదు." దాంతోపాటు యూడీఐడీ కార్డు, అదే ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, చూపించమన్నాడు. చాలాసార్లు పనిచేస్తోంది. కొందరికి ఏం చూపించినా అంతే అనుకోండి.

నాకైతే ఉపయోగపడింది. కానీ కర్రతో నడవడం ఫోన్‌లో రాలేదు. దానికి మావారు సెలవు పెట్టి శిక్షణకు తీసుకెళ్లారు. అలా తోడొచ్చేవాళ్లు లేకపోతే దీనొక్కదాన్నే నమ్ముకోవడం కష్టం. చేరేవాళ్లు మాత్రం మొహమాటపడకుండా మొదటి కాల్‌లోనే అడగండి, "మీకు చూపు ఎప్పుడు పోయింది?" అని.