చిన్న ల్వార్ లోయ మట్టిదారుల్లో సైకిల్‌మీద ఐదేళ్లు: నా సమీక్ష

ముందు పేరు సంగతి చెప్పాలి, ఎందుకంటే దీనివల్లే చాలామంది తప్పు చోటికి వెళ్తున్నారు. ఫ్రాన్స్‌లో ల్వార్ నదులు రెండున్నాయి. రాజుల కోటలు, టూరిస్టు బస్సులు ఉన్నది పెద్ద ల్వార్. దాని స్పెల్లింగ్ చివర ఒక అక్షరం ఎక్కువ, ఫ్రెంచివాళ్లకు అది ఆడపేరు. నేను రాస్తున్నది మగపేరున్న రెండో ల్వార్ గురించి. పలికితే రెండూ ఒక్కటే, తెలుగులో రాసినా ఒక్కటే, కాబట్టి దీన్ని చిన్న ల్వార్ అనే అంటాను. ఇది 300 కిలోమీటర్లకు పైగా మెల్లగా మెలికలు తిరుగుతూ వెళ్లి, ఆంజే ఊరికి కాస్త పైన సార్త్ నదిలో కలుస్తుంది. ఆ మాటకు ఫ్రెంచిలో ఇంకో అర్థం కూడా ఉంది, చలికాలమంతా ముడుచుకుని పడుకునే ఒక చిన్న చెట్టెలుక. ఆ నీళ్లు చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది.

నేను ఫ్రాన్స్‌లోనే తూర్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. 2021లో గ్రావెల్ సైకిల్, అంటే కంకర, మట్టి బాటలకు పనికొచ్చే సైకిల్, కొన్నప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలైనా ఈ లోయలోనే తిరిగాను, సెలవులు దొరికితే మూడు నాలుగు రోజులు ఒకే ఊళ్లో దిగి రోజుకో దారి తొక్కాను. కాబట్టి ఒకసారి చూసొచ్చి రాస్తున్నది కాదు, బాగున్నప్పుడూ చూశాను, బురదలో కూరుకున్నప్పుడూ చూశాను.

నది వెంబడి అధికారికంగా బోర్డులు పెట్టిన సైకిల్ దారి ఒకటుంది, నంబరు వీ47, సుమారు 320 కిలోమీటర్లు. చాలామంది దీన్నే గ్రావెల్ రూట్ అనుకుని వస్తారు. నా మాట నమ్మండి, అది కాదు. చాలా భాగం కార్లు తక్కువగా తిరిగే చిన్న తారు రోడ్లు. పిల్లలతో వస్తే, సంచులు వేసుకుని నాలుగైదు రోజులు నింపాదిగా పోదామనుకుంటే దానంత హాయి ఇంకోటి లేదు, బోర్డులు కూడా బాగా పెట్టారు. కానీ కంకర బాట కోసం 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసుకొచ్చి దానిమీదే పోతే రెండో రోజుకే విసుగొస్తుంది. అసలు మట్టిదారులు నది ఒడ్డున లేవు, పైన ఉన్నాయి.

మన గోదావరి జిల్లాల వాళ్లకు మెట్ట, పల్లం అంటే చాలు, ఈ భూమి రూపం అర్థమైపోతుంది. నది పారే పల్లం ఒకటి, రెండు పక్కలా 60, 80 మీటర్ల ఎత్తున పరుచుకున్న మెట్ట ఒకటి, మధ్యలో తెల్లని మెత్తటి సున్నపురాయి వాలు. ఆ వాలుమీద గుహల్లో కట్టుకున్న ఇళ్లు, ద్రాక్షతోటలు, పొదల మధ్య లోతుగా దిగిపోయిన డొంకలు. పెద్ద కొండ ఎక్కడా లేదు. అయితే పల్లంలోంచి మెట్టకెక్కి, మళ్లీ దిగి, నది దాటి అవతలి మెట్టకెక్కితే, ఇలా రోజుకు ఏడెనిమిదిసార్లు చేస్తే, 70 కిలోమీటర్లకు 800 మీటర్ల ఎత్తు తేలుతుంది. కాకినాడ నుంచి మా బావమరిది వచ్చినప్పుడు తీసుకెళ్లాను. సాయంత్రానికి సైకిల్ గోడకానించి, "బావా, కొండ ఒక్కటీ కనబళ్లేదు, తొడలు మాత్రం బిగుసుకుపోయాయి" అన్నాడు. ఈ లోయ గురించి అంతకంటే సరైన మాట నేను వినలేదు.

కొత్తగా వచ్చేవాళ్లు మోంత్వార్ అనే ఊళ్లో బస పెట్టుకోండి. అక్కడ్నుంచి రెండు మూడు కిలోమీటర్లలో లవర్దాఁ అనే చిన్న ఊరు, దాని నెత్తిన కూలిన కోట, లోపల పాత గోడబొమ్మలున్న చర్చి. ఊరు దాటాక దక్షిణం వైపు మెట్ట ఎక్కే బాటలు పట్టుకోవాలి. మొదటి అరకిలోమీటరు నిట్టనిలువు, తడిగా ఉంటే వెనక చక్రం జారుతుంది, కూర్చునే తొక్కండి, లేవకండి. పైకెక్కితే గోధుమ పొలాల మధ్య తెల్లటి బాట. మళ్లీ పల్లంలోకి దిగి పడమరగా పోతే త్రో వస్తుంది. ఊరు ఊరంతా వాలుకు అంతస్తులు అంతస్తులుగా తొలిచిన గుహలు. పైన 45 మీటర్ల లోతున్న బావి ఒకటుంది, దాన్ని మాట్లాడే బావి అంటారు. తల వంచి పేరు పిలిస్తే తిరిగి స్పష్టంగా పలుకుతుంది, ప్రతిసారీ ఆగి మా అమ్మ పేరు పిలిచి వస్తాను. త్రోలో మెట్లదారులు చాలా ఉన్నాయి, మ్యాప్‌లో మామూలు బాటలా కనిపిస్తాయి, సైకిల్ భుజాన వేసుకోవాల్సి వస్తుంది. మోంత్వార్ పాత రైల్వే స్టేషన్ దగ్గర కూడా కాసేపు ఆగండి. 1940 అక్టోబరు 24న హిట్లర్, అతనికి ఓడిపోయిన ఫ్రాన్స్‌ను అప్పుడు ఏలుతున్న పెతాఁ కలిసింది అక్కడే. ఇంత నిమ్మళమైన ఊళ్లో అంత పెద్ద సంగతి జరిగిందా అని మొదటిసారి నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు టైర్ల సంగతి. ఇక్కడ నేను బాగా దెబ్బతిన్నాను కాబట్టి వివరంగా రాస్తాను. ఈ మెట్ట భూముల్లో చెకుముకి రాళ్లు ఎక్కువ. లక్షల లక్షల ఏళ్లుగా సున్నపురాయి కరిగిపోగా మిగిలిన బంకమట్టిలో ఇవి ఉండిపోయాయి, దున్నినప్పుడల్లా పైకి తేలుతాయి, బాట గుంటల్లో పోసిన రాళ్లలోనూ ఇవే. పగిలిన అంచు బ్లేడులా ఉంటుంది. మొదటి ఏడాది ఒక షాపువాళ్లు తేలికగా పరిగెత్తుతాయని పల్చటి గోడలున్న 38 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు అంటగట్టారు. త్రో పైన మెట్టమీద, వానపడిన మర్నాడు, వెనక టైరు పక్కగోడ మూడు సెంటీమీటర్లు కోసుకుపోయింది. చిల్లులు పూడ్చడానికి లోపల పోసే సీలెంట్ ద్రవం అంతా కాలిమీద చిమ్మింది. చిల్లులో దూర్చే రబ్బరు ప్లగ్ నిలవలేదు. పాత టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క ఒకటి సంచిలో ఉంటే లోపల అడ్డం పెట్టి, స్పేర్ ట్యూబు వేసి, గాలి సగమే కొట్టి, పదకొండు కిలోమీటర్లు భయం భయంగా వచ్చాను. ఆ తర్వాత పక్కగోడ గట్టిగా ఉన్న 45 ట్యూబ్‌లెస్ టైర్లకు మారాను, నా బరువు 78 కిలోలు, గాలి ఒత్తిడి ముందు 28, వెనక 32 పీఎస్ఐ. ఈ నాలుగేళ్లలో ప్లగ్‌లు చాలాసార్లు వేశాను గానీ నడిచి రావాల్సిన పని మళ్లీ పడలేదు. బరువు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ టైరులో మాత్రం వద్దు.

అన్నిట్లో నాకు ప్రాణం పెట్టాలనిపించేది లా షార్త్ర అనే ఊరి చుట్టూ ఉన్న దారి. ఊరికి ఎగువన నది ఉత్తరపు గట్టున జానియేర్ ద్రాక్షతోటలున్నాయి, లోమ్ నుంచి రుయ్యే దాకా నాలుగైదు కిలోమీటర్ల వాలు, అంతా దక్షిణానికే తిరిగి ఉంటుంది. శెనాఁ అనే ఒకే రకం తెల్ల ద్రాక్ష. తోటల మధ్య ట్రాక్టర్లు తిరిగే కంకర బాటలు గట్టిగా ఉంటాయి, నీరు నిలవదు, అందుకే మిగతా లోయంతా బురదైనా ఇక్కడ తొక్కొచ్చు. ఫిబ్రవరిలో కూడా ఎండ పడితే ఆ వాలుమీద జాకెట్టు విప్పాలనిపిస్తుంది. అక్కడక్కడా రాతివాలులోకి తొలిచిన వైన్ నేలమాళిగల తలుపులు, వాటిముందు ఎండకు కూర్చున్న ముసలివాళ్లు. బోఁజూర్ అని పలకరించకుండా దాటిపోకండి. ద్రాక్ష కోసే రోజుల్లో, అంటే సెప్టెంబరు చివర, అక్టోబరులో, బాట వాళ్లది, మనం దిగి పక్కకు నిలబడాలి. ఇంకో విషయం, జూన్‌లో ల మాన్ 24 గంటల కారు రేసు జరిగే వారం ఇటు రాకండి. ఒకప్పుడు రేసు జట్లు లా షార్త్రలోనే దిగేవి, ఆ ముచ్చటతో ఇప్పటికీ పాత కార్లవాళ్లు ఈ చిన్న రోడ్లన్నిటా తిరుగుతారు.

ఎండాకాలంలో మాత్రం బెర్సే అడవి. షాతో-ద్యు-ల్వార్ స్టేషన్‌లో దిగి ఈశాన్యంగా ఒక గంటలోపు తొక్కితే అడవి అంచుకు చేరతాం. 5,400 హెక్టార్ల అడవి, దీనికి పేరు తెచ్చింది ఓక్ చెట్లు. పారిస్ నోత్ర్‌దామ్ చర్చి కాలిపోయాక దాని శిఖరం మళ్లీ కట్టడానికి 2021లో ఇక్కడి నుంచి రెండు వందల ఏళ్లు దాటిన ఓక్‌లు కొట్టారు. ఆ చెట్ల కింద దారి నల్లగా, చల్లగా, టైరు చప్పుడు కూడా వినపడనంత మెత్తగా ఉంటుంది. అడవి శాఖ వేసిన పెద్ద కంకర రోడ్లు తిన్నగా, వేగంగా పోతాయి, చిన్న బాటల్లో కలప లారీలు చేసిన గాళ్లు ఉంటాయి, వాటిలో ముందు చక్రం పడితే పడ్డట్టే. తిరిగి వచ్చేటప్పుడు మార్సోఁ చెరువులో ఈత కొట్టి రైలెక్కడం నాకు అలవాటు.

నదికి దిగువన ల ల్యూద్, లా ఫ్లెష్ ఊళ్ల వైపు పైన్ చెట్ల తోపులు, ఇసుక. వానలు పడ్డాక బాగుంటుంది, ఆగస్టులో ఇసుక వదులైపోయి చక్రం దిగబడుతుంది. ఎగువన వాందోమ్ ఊరు దాటితే చదునైన పొలాలు, ఎదురుగాలి. రెండుసార్లు పోయాను, మూడోసారి పోవాలనిపించలేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మెట్టమీద జిగటమన్ను ఫోర్కుకీ టైరుకీ మధ్య పట్టేసి చక్రమే తిరగదు. పుల్లతో గీకి తీస్తే వంద గజాలకు మళ్లీ అంతే. పైగా అది వేట కాలం. ముఖ్యంగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా సాగుతుంది, వారాంతాల్లో అడవిపందుల కోసం తుపాకులతో వరసగా నిలబడతారు. 'షాస్ ఆన్ కూర్' అని బోర్డు కనబడితే వేట నడుస్తోందని అర్థం, టెన్షన్ పడుతూ ముందుకు పోవద్దు, వెనక్కి తిరగండి. నేను ఆ నెలల్లో నారింజ రంగు జాకెట్టు లేకుండా ఇల్లు కదలను. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి దాకా మంచి కాలం.

నీళ్ల సంగతి చెబితే మనవాళ్లకు మనసొప్పదు. ఇక్కడి పల్లెల్లో హోటళ్లు, దుకాణాలు మూతపడ్డా శ్మశానంలో కుళాయి ఉంటుంది, పూలకుండీలకు నీళ్లు పోసుకోవడానికి. సైకిల్‌వాళ్లందరూ అక్కడే సీసాలు నింపుకుంటారు. శ్మశానానికి వెళ్లొస్తే తలస్నానం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, మొదటి ఏడాది గొంతెండుతున్నా గేటు తీయలేకపోయాను. 2022 ఎండల్లో ఒకరోజు తప్పలేదు. ఇప్పుడు లోపలికెళ్లి, సీసా నింపుకుని, ఒక్క నిమిషం నిలబడి దణ్ణం పెట్టుకుని వస్తాను. తాగే నీరు కాదని రాసి ఉందేమో మాత్రం చూసుకోండి. తిండికి బేకరీల మీద ఆధారపడితే మధ్యాహ్నం ఒంటిగంటకు మూసేస్తారు, సోమవారం చాలా ఊళ్లలో తెరవరు. నిమ్మకాయ పులిహోర డబ్బా పట్టుకెళ్తాను, సాయంత్రం దాకా పాడవదు, సైకిల్‌వాళ్లు శక్తి కోసం తినే స్వీటు జెల్‌ల కంటే కడుపుకు ఎంతో నయం.

పారిస్ నుంచి వచ్చేవాళ్లకు టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో వాందోమ్ ముప్పావుగంటే, కాకపోతే రైళ్లు తక్కువ, స్టేషన్ ఊరికి దూరంగా పొలాల్లో ఉంటుంది, సైకిల్ విప్పి సంచిలో పెట్టుకోవాల్సి రావచ్చు, టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. ప్రాంతీయ రైళ్లలో అయితే విప్పనక్కర్లేదు.

చివరగా ఒక దిద్దుబాటు. పోన్సే ఊరి పైన మెట్టమీద పొలాల్ని అడ్డంగా కోస్తూ పోయే బాట నా పాత జీపీఎస్ ట్రాక్‌లో ఉంది, కొందరు మిత్రులు అదే వాడుతున్నారు. ఆ బాట పోయిన శరత్కాలంలో దున్నేశారు. మ్యాప్‌లో ఇంకా గీత ఉంది, నేలమీద మొలకలే ఉన్నాయి. ఊరి పబ్లిక్ బాట అయినా సరే, ఆ మొలకల మీద తొక్కకండి. రాతి శిలువ దగ్గర ఎడమకు తిరిగి, కంచె వెంబడి డొంక పట్టుకుంటే ఒకటిన్నర కిలోమీటరు ఎక్కువవుతుంది, మే నెలలో తలకు తగిలేంత కిందికి వాలిన తెల్లపూల కొమ్మల కింద నుంచి.